వంకర కోత

బాలామణిని ఎరిగినవాళ్లు ఆమె గురించి ముందుగా చెప్పే మాట ఒకటే: పట్టుకుంటే వదలదు. మెచ్చుకుంటూ అనేవాళ్లూ ఉన్నారు, పళ్లు కొరుకుతూ అనేవాళ్లూ ఉన్నారు. బరంపురం పెద్ద బజారు సందులో ఆమెకో ఫోటో స్టూడియో ఉంది. భర్త పోయినప్పుడు దాన్ని ఎవరికైనా అద్దెకిచ్చేసి హాయిగా కూర్చోమని బంధువులు సలహా ఇచ్చారు. ఊరికే కూర్చోవడం తనకి చేతకాదని చెప్పి ఆవిడ కెమెరా అందుకుంది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఫోటోలు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, ఏదొస్తే అది తీసింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి, చుట్టుపక్కల స్టూడియోలన్నీ మొబైల్ కవర్ల దుకాణాలైపోయినా ఆమె వెనకాల తెర రంగు మార్చిందే గానీ షట్టరు దించలేదు.

అలాంటి మనిషికి తగిన పనే దొరికింది. బరంపురంలోనూ చుట్టుపక్కలా ఇళ్లలో పెట్టెల అడుగున పడి ఉన్న పాత పట్టుచీరల్ని ఫోటోలు తీసి, ఎక్కడివాళ్లయినా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాలని ఒక ట్రస్టు పూనుకుంది. చీర ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది, బొమ్మ మాత్రం అందరిదీ. ఆ పని చూసే సుశ్మిత ఈ ఊళ్లోనే పుట్టిన తెలుగు లెక్చరరు గారి అమ్మాయి. పట్టుని నలపకుండా ఫోటో తీయగల మనిషి కోసం వెతుక్కుంటూ బాలామణి దగ్గరికొచ్చింది. బాలామణి నేతగాళ్ల ఆడపిల్ల, మగ్గం చప్పుడులో పెరిగింది. ఇంకేం కావాలి?

మొదట్లో పని నవ్వులాటగానే సాగింది. ఫోటో అనగానే మనవాళ్లకి ముస్తాబు గుర్తొస్తుంది కదా! ఉన్నది ఉన్నట్టు తెమ్మని ఎంత మొత్తుకున్నా అంకులి నుంచి ఒకావిడ తాతలనాటి చీరని సర్ఫులో నానబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, కొత్త ఫాల్ కుట్టించి మరీ పట్టుకొచ్చింది. గుడి శిఖరాల్లా బారులు తీరి ఉండే కుంభాల అంచే బరంపురం పట్టుకి ఆనవాలు. ఆ అంచు కాస్తా రంగు కారి వెలవెలబోయింది. బాలామణికి ఒళ్లు మండిపోయింది. కానీ ఆవిడ మొహం చూస్తే పెళ్లికూతుర్ని ముస్తాబు చేసి తెచ్చిన తల్లిలా వెలిగిపోతోంది. ఇంకేమంటుంది, నోరు మూసుకుని ఫోటో తీసింది.

ఎన్ని చీరలు తీసినా బాలామణి మనసు మాత్రం ఒక్క చీర మీదే ఉంది. అది వాళ్లమ్మ పెళ్లిచీర. కట్టుకోబోయే పిల్ల కోసం వాళ్ల నాన్న తన చేతులతో నేసిన చీర. ఆ చీర ఇప్పుడు లేదు. ఉందంటే ఉంది, మూడు ముక్కలుగా ఉంది.

అమ్మ పోయాక ముగ్గురు కూతుళ్లూ ఆ చీర నాకంటే నాకని పంతం పట్టారు. ఎవరూ తగ్గలేదు. చివరికి పెద్దది బుల్లమ్మ విసుగెత్తి కత్తెర తెచ్చింది. కొస బాలామణి పట్టుకుంటే బుల్లమ్మ కోసింది. కొంగు పెద్దదానికి, లోపలి చెంగు రెండోది విజయకుమారికి, మధ్యలోది చిన్నది బాలామణికి. నాన్న పనితనమంతా కొంగులో ఉంది. పెద్ద పెద్ద జరీ కుంభాలు వరసలు వరసలుగా అక్కడే ఉన్నాయి. మధ్యలో ఏముంది, సన్నటి అంచు తప్ప అంతా సాదా గుడ్డే. పైగా కొంగు వైపు కోత తిన్నగా కూడా లేదు, వంకర పోయింది. "కొంగు లాక్కున్నావు సరే, కోయడమైనా సరిగ్గా కోయలేవేటి?" అని బాలామణి చుట్టాలందరి ముందూ అనేసింది. బుల్లమ్మ కత్తెర కింద పెట్టి తన ముక్క మడత పెట్టుకుంది. ఆనాటి నుంచీ పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒచ్చినావా, తిన్నావా అనుకోవడమే గానీ వాళ్ల మధ్య మాటల్లేవు.

ఇప్పుడు బుల్లమ్మకి ఒంట్లో బాగాలేదు. తను పోయాక ఆ కొంగు తన మీదే కప్పి సాగనంపాలని కొడుకుతో ముందే చెప్పేసింది. ఆ మాట చెవిన పడ్డప్పట్నుంచీ బాలామణికి నిద్ర పట్టడం లేదు. అప్ప, అదే అక్క, వెళ్లిన రోజున నాన్న నేసిన కుంభాలు కూడా బూడిదవుతాయి. ఆ తరవాత ఆయన చేతిపని చూద్దామన్నా ఎక్కడా ఉండదు. అందుకని ఈలోగానే మూడు ముక్కలూ విడివిడిగా తీసి కంప్యూటర్లో ఒకటిగా చేర్చాలనుకుంది. అనుకుందంటే ఇక ఆపేవాళ్లెవరు?

దిగపహండిలో విజయకుమారి ఒప్పుకోవడం కష్టం కాలేదు. ఆవిడ తన ముక్కని ఎప్పుడో కూతురికి పట్టులంగా కుట్టించేసింది. చెల్లెలి మాట వినగానే బ్లేడు పట్టుకుని కూర్చుని కుట్లన్నీ ఓపిగ్గా విప్పింది. కుచ్చిళ్ల గీతలు మాత్రం పోలేదు. "ఉండనీ సిన్నప్పా, నీ కూతురు గుంట తొడుక్కున్నాదని తెలుస్తాది" అంది బాలామణి.

చిక్కంతా బుల్లమ్మ ఉండే పొలసరలో వచ్చింది, అదీ ఒక్క మాట దగ్గర. బుల్లమ్మ కొడుకు ఢిల్లీశ్వరరావుకి బాలామణి ఫోన్ చేసి, సుశ్మిత నోట రోజూ వినే మాటే తనూ వాడింది. "అమ్మ సీర నెట్లో షేర్ సేస్తామురా, దానికి మీయమ్మ దగ్గరున్న ముక్క కావాల" అంది. ఆ కుర్రాడు మిగతా మాటలన్నీ వదిలేసి పిన్ని షేర్ కావాలంటోందని తల్లితో చెప్పాడు. వాళ్ల ఇళ్లలో షేర్ అంటే ఒకటే అర్థం. నాన్న పోయాక ఇల్లు పంచుకున్నప్పుడు పెద్దమనుషులు పలికిన మాట అది. షేర్ అంటే వాటా. ఇంకేముంది, బాలామణి మళ్లీ వాటాకొచ్చిందన్న కబురు సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరిపోయింది. బుల్లమ్మ కొంగుని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకుంది.

ఇంకొకరైతే తలపట్టుకుని ఊరుకునేవారు. బాలామణి మర్నాడు కెమెరా, తెల్లగుడ్డ, చిన్న లైటూ సంచీలో సర్దుకుని పొలసర బస్సెక్కింది.

గుమ్మంలోనే ఎదురైంది బుల్లమ్మ. మనిషి సగమైపోయింది. చూపు మాత్రం తగ్గలేదు.

"ఏటి, వాటాకొచ్చినావా?"

"వాటాకి కాదప్పా. పోటోకొచ్చినాను."

"నా కొడుకు అంతా సెప్పినాడులే. ఎల్లు."

అని లోపలికి పోయి టీవీ పెట్టుకుంది. బాలామణి వెళ్లలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. లోపల సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. పక్కింట్లోంచీ అదే ఏడుపు వినిపిస్తోంది. కాసేపు విని బాలామణి కిటికీ దగ్గరికి జరిగింది.

"అప్పా, పక్కింటోలు కూడా నీ సీరియలే సూస్తన్నారు."

"సూస్తే సూడనీ."

"ఆలు సూసినారని నీకేటైనా తగ్గిందేటి?"

లోపల టీవీ గొంతు పెరిగింది.

"షేర్ అంటే అదేనప్పా. నీ కొంగు నీ పెట్టెలోనే ఉంటాది. బొమ్మ అందరూ సూస్తారు. సూసినకొద్దీ తరగదు. ఆ కంప్యూటరోలు దాన్నే షేర్ అంటారు. మన షేర్ ఏరు, ఆల షేర్ ఏరు."

టీవీ గొంతు తగ్గింది. చాలాసేపటికి బుల్లమ్మ కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"నాను పోయినాక అది నా మీద కప్పాల. అందులో మార్పు నేదు."

"అలగే. నా సేత్తో నానే కప్పుతాను. ముందు ఒక్కసారి పోటో తియ్యనీ."

తాళంచెవి మొలలోంచి బయటికొచ్చింది.

కొంగు చిన్న మడతగా ఉంది. పాత పట్టు ఎక్కడ మడత పడితే అక్కడే విరుగుతుంది, ఒక్కరు విప్పితే బరువు ఒకపక్కకి పడి చీలుతుంది. బాలామణి మంచం మీద తెల్లగుడ్డ పరిచి ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఎవరు పట్టుకోవాలో ఇద్దరికీ తెలుసు. బుల్లమ్మ వచ్చి పట్టుకుంది. మడత తరవాత మడత, ఊపిరి బిగబట్టి విప్పారు. కిటికీ వెలుగు పడగానే నాన్న కుంభాలు ధగధగమన్నాయి. బాలామణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరా తడుస్తుందని తనని తనే తిట్టుకుని పని చూసుకుంది. పనయ్యాక మళ్లీ ఇద్దరూ కలిసే మడత పెట్టారు. బుల్లమ్మ అన్నం పెట్టింది.

తరవాతి వారం సుశ్మిత మూడు ముక్కల ఫోటోల్నీ కంప్యూటర్లో పక్కపక్కన చేర్చింది. అమ్మ చీర తెర మీద నిండుగా పరుచుకుంది. విజయకుమారి కూతురి లంగా కుచ్చిళ్ల గీతలతో సహా అంతా వచ్చింది.

"ఆంటీ, ఈ కొంగు దగ్గర కోత వంకరగా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో సరిచేసేస్తే అతుకు అసలు కనిపించదు. చేసేయనా?" అంది సుశ్మిత.

"ఉండు" అంది బాలామణి. "ఆ సోటు పెద్దది సెయ్యి."

కొంగు మొదలయ్యే చోట నాన్న అడ్డంగా ఒక జరీ గీత నేశాడు. దాన్ని పట్టుకుని పోతే కళ్లు మూసుకునైనా తిన్నగా కోయొచ్చు. కత్తెర కూడా ఆ గీత మీదే మొదలైంది. జానెడు దూరం చక్కగా పోయింది. అక్కడ ఆగింది. ఆగి, కొంగులోకి తిరిగి, మొదటి కుంభాల వరస దాటింది. ఆ వరసకి అవతల నుంచి మళ్లీ తిన్నగా చివరిదాకా పోయింది. ఒక్క కుంభం కూడా తెగలేదు. మొదటి జానెడు తప్ప ఆ వరసంతా బాలామణి ముక్కలోకి వచ్చేసింది.

ఆ కుంభాలు ఇన్నేళ్లూ ఆమె ముక్క కొసనే ఉన్నాయి. కొంగు పోయిందన్న కోపంలో ఆమెకి వంకరే కనిపించింది గానీ ఇంకేమీ కనిపించలేదు. సాదా గుడ్డే దక్కిందని ఊరందరితోనూ చెప్పుకుంది. ఇప్పుడు కొంగు పక్కన చేరాక తెలిసింది, ఆ వరస అప్ప తన వాటాలోంచి తీసి ఇటు వదిలిందని. బాలామణికి సిగ్గుతో మొహం వేడెక్కిపోయింది.

"సరిచేయనా ఆంటీ?" సుశ్మిత మళ్లీ అడిగింది.

"దాని జోలికెల్లకు. ఆ కోత ఉన్నది ఉన్నట్టుండాల."

చీర కింద వివరాలు రాసేచోట "కొంగు వద్ద దెబ్బతిన్నది" అని ఉంది. బాలామణి దాన్ని కొట్టేయించి ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒకే మాట రాయించింది: ఈ కోత పొరపాటు కాదు, చెల్లెలికి ఒక వరస వదలడానికి అక్క మలిచినది. అన్నీ సరిగ్గా పడ్డాయని చూసుకున్నాకే పొలసరకి ఫోన్ చేసింది.

"అప్పా, ఆనాడు నువ్వు వంకరగా కోసింది నా కోసమేనేటి?"

అవతల టీవీ గొంతు తగ్గింది.

"నీకు బొత్తిగా సాదా గుడ్డే ఒస్తంది కదే. నాన్న సేతిది ఒక్క వరసైనా ఉంటాదనీ..."

"మరి సెప్పనేదేటి? నాను అందరి ముందూ అన్ని మాటలన్నాను."

"నువ్వడిగితే కదా సెప్పడానికి!" అంది బుల్లమ్మ. తరవాత మెల్లగా, కొత్త మాటని జాగ్రత్తగా పలుకుతూ అడిగింది. "షేర్ సేసినావేటి?"

"సేసినానప్పా. అందరికీ."

"మరి నీ వాటా నీకు సరిపోయిందా?"

"సరిపోయిందప్పా" అంది బాలామణి.