చీకటికోట కథకు శాలువా గెలిచిన అనసూయమ్మ గారు

మిర్యాలగూడ నుండి సత్తిరెడ్డి గారు ఫోను చేసి, "సార్, అనసూయమ్మ మేడం పోయింది" అన్నప్పుడు నేను ఆయనను మందలించాను. పరిహాసానికైనా ఒక మర్యాద ఉండాలన్నాను. మా సూర్యాపేట సాహితీ గోష్ఠిలో ఆయన బాధ్యతే పరిహాసం కనుక, అదీ ఆ కోవలోనిదే అనుకున్నాను. ఆయన ఎదురు చమత్కారం విసరక, అంత్యక్రియల వేళ చెప్పారు. మాటకు మాట తడుముకోని మనిషి నుండి వచ్చిన ఆ ముక్తసరి మాటే నాకు వార్తను ధ్రువపరచింది. కోదాడలో, తమ ఇంటి వరండాలో, ఉదయం కాఫీ ముగించి, ఆమె అనాయాసంగా కన్నుమూశారట.

అనసూయమ్మ గారు సాంఘికశాస్త్రోపాధ్యాయిని. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న కాలంలో ఆమె తరగతి ముందు నుండి నడిస్తే సుద్దముక్క చప్పుడు తప్ప మరొకటి వినబడేది కాదు. పటంలో కృష్ణను తప్పుగా గీసిన విద్యార్థితో, "నది తన దారి మరచిపోదు నాయనా, నువ్వు మరపించకు" అని మళ్ళీ గీయించేవారు. అటువంటి క్రమశిక్షణాపరురాలు పిశాచాలు సంచరించే 'చీకటికోట' అనే ఒక జపాను యానిమేను, అంటే బొమ్మల ధారావాహికను, పదేళ్ళపాటు ఆరాధించారంటే, తెలియనివారు నమ్మరు.

దానికి మూలం ఒక పొరపాటు. మధ్యయుగపు ఐరోపా పాఠానికి దృశ్యసహాయం కావాలని, సూర్యాపేటలోని ఒక సీడీల దుకాణంలో "కోటలు, గుర్రాలు, భూస్వామ్య వ్యవస్థ" అని అడిగారు. దుకాణదారు కోట బొమ్మ చూసి ఒక సీడీ ఇచ్చాడు. ఇంట్లో తాను చూడనిదేదీ తరగతిలో చూపరాదన్నది ఆమె నియమం. పెట్టి చూస్తే, మంచు, కోట, గుర్రాలు అన్నీ వచ్చాయి. ఆ వెనుక బావిలో నుండి పిశాచం వచ్చింది. "ఆపేశాను. లేచి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ పెట్టాను" అని ఆమె నాతో చెప్పారు. మరునాడు దుకాణదారు నొచ్చుకుని, "జర తప్పైంది మేడం, వాపస్ ఇయ్యుండ్రి, వేరేది ఇస్త" అన్నాడట. "వద్దు బాబూ. దీని మిగతా భాగాలుంటే ఇవ్వు" అన్నారట ఈమె.

కథ క్లుప్తంగా ఇది. రాజు మరణించాడు. మహమ్మారికి భయపడిన జనం కోటలో తలదాచుకున్నారు. ఒక కిరాయి సైనికుడు మాత్రం ద్వారం విడువక, ప్రతి రాత్రీ వచ్చే పిశాచాలతో పోరాడతాడు. లోపలివారు అతణ్ణి అపశకునమని తిడతారు. అయినా అతడు కదలడు.

వార్షిక పరీక్షల పత్రాలు దిద్దడం ముగియగానే, ఏటా వేసవిలో, కరెంటు ఉండే వేళలు చూసుకుని, ఆమె ఆ కథను మొదటి నుండి చివరిదాకా చూసేవారు. ఉద్యోగ విరమణ తరువాతా ఆ నియమం తప్పలేదు. చెల్లెలు సుగుణమ్మ ఎత్తిపొడిచేది: "అక్కా, గా దయ్యాలు నీకు సుట్టాలా ఏంది? ఏటేటా పిలిచి కూసోబెట్టుకుంటవ్!"

"సుట్టాలేనే. వచ్చినప్పుడల్లా కొత్త సంగతి చెప్పిపోతారు" అనేవారు ఈమె.

మా గోష్ఠిలో ఒక ఆచారం ఉంది. ప్రతి సభ్యుడూ తన అభిమాన కృతిపై ఒక్కసారి ప్రసంగించాలి. అవధానంలో వలె ఒక అప్రస్తుత ప్రసంగి అడ్డుప్రశ్నలతో వక్తను కదిలించాలి. ఆ పదవి మిల్లు యజమాని సత్తిరెడ్డి గారిది. చివర ముందుగా ఆయన, పిదప సభ ఆమోదిస్తే వక్తకు శాలువా కప్పుతాం. లేకుంటే అందరి ఎదుటా దానిని మడిచి పెట్టెలో పెడతాం. అనసూయమ్మ గారు ఈ కథను ఎంచుకున్నారని తెలియగానే, పిల్లల బొమ్మలకు శాలువాయా అని సభ్యులు కినుక వహించారు. నియమావళిలో కృతి అని ఉన్నదే కాని గ్రంథమని లేదు. నియమం నాకు శిరోధార్యం, అధ్యక్షుడిగా అనుమతించాను. ఆమె లేచి, "సభ ఒప్పుకోకపోతే శాలువాతోపాటు నా సభ్యత్వాన్నీ మడిచి పెట్టెలో పెట్టండి" అన్నారు. ఆమె మాట అంటే మాటే. ప్రసంగం నాటి సాయంత్రం ఓడితే ఆమెను మేము శాశ్వతంగా కోల్పోతామని అందరికీ తెలుసు.

ఆరంభంలోనే సత్తిరెడ్డి గారు అందుకున్నారు: "మేడం, దయ్యాల కోసం జపాను దాక ఎందుకు? మిల్లుల కరెంటు పోయినంక నా మొఖం సూస్తే సాలదా?"

సభ గొల్లుమంది. ఆమె నవ్వలేదు. "మీరు కరెంటు రాగానే మనిషైపోతారు రెడ్డిగారూ. ఈ కథలో దయ్యాలు వెలుతురులోనూ ఉంటాయి. అందుకే పాతబడలేదు."

తరువాత ఆమె చెప్పినది నాకు ఇప్పటికీ కంఠస్థం. "మొదటిసారి నేను ఆ సైనికుణ్ణే చూశాను. కొన్నేళ్ళకు, అతణ్ణి తిట్టే ముసలమ్మను చూశాను; ఆమె భయం నాకు అర్థమైంది. మొన్నటి వేసవిలో పిశాచాన్ని చూశాను. అదీ ఒకనాడు ఆ తలుపే తట్టి, లోపలివారు తెరవక, బయట మిగిలిపోయిన మనిషే. కథ మారలేదు, నా వయసుకొక తలుపు తీసింది. చీకటిని పులిమి వదలలేదు వాళ్ళు. దీపం ఎంత చిన్నదో తెలిసేటంత శ్రద్ధగా గీశారు."

"గదంత సరే. ఆఖరికి గాయన గెలుస్తడా, సస్తడా? సెప్పుండ్రి, ఇంటికి పోత."

"రెండూ కాదు. తెల్లవారేసరికి తలుపు దగ్గరే ఉంటాడు."

"గింతేనా?"

"అంతే. మీరు పొద్దున్నే మిల్లు తాళం తీసేది రోజూ గెలిచేనా రెడ్డిగారూ?"

సత్తిరెడ్డి గారు మరో అడ్డుప్రశ్న వేయకుండానే లేచారు. మా గోష్ఠి చరిత్రలో అది అపూర్వం. నా వైపు తిరిగి గద్దించారు: "ఇగ సూస్తరేంది సార్? శాలువా తేండ్రి!" సభ యావత్తూ చప్పట్లతో లేచింది. శాలువా కప్పుతుంటే ఆమె మెల్లగా, "అంచు సరిగా లేదు సార్" అన్నారు. సరిచేశాను. ఒక కావ్యానికి అట్టలు అవసరం లేదని మా సభ ఒప్పుకున్న దినమది. ఆ విజయం ఆమెది. ఫలం మా అందరిదీ.

నిన్నటి సంతాప సభలో ఉపన్యాసాలు వద్దని నిర్ణయించాను. సుగుణమ్మ ఆ సీడీలు పంపింది. వెనుకటి విముఖులతో సహా సభ్యులందరూ తెర ముందు కూర్చున్నారు. బావిలో నుండి పిశాచం వచ్చినప్పుడు ఒక్కరూ లేవలేదు. మొదటి భాగం ముగిసింది. ఆ సైనికుడు తలుపును అంతసేపు చేతితో తడిమి చూడడం ఎందుకో నాకు బోధపడలేదు. పక్కన సత్తిరెడ్డి గారిని అడిగాను.

"నాకేం ఎర్క సార్" అన్నారాయన. "మేడం ఉంటే సెప్తుండె."

అది తెలిసిన ఆ ఒక్కరికి ఈ అక్షరాలతో నమస్కరిస్తున్నాను.