మామ తువాలు, మూడో ఇంజెక్టరు

బాగలూరు నుంచి కావేరిపట్టణం దాకా కారులో వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, ఎనభైల మొదట్లో మేము చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. అప్పట్లో నేను హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగిని. పాత డీజిల్ కారొకటి కొని, అదేదో విమానమైనట్టు మురిసిపోయేవాణ్ని. నాకు పిల్లనిచ్చిన మామ చెల్లెలి కూతురి పెళ్లి కావేరిపట్టణంలో, ముహూర్తం పదిన్నరకి. మేనమామగా పూలదండలు తెచ్చి, పెళ్లికూతుర్ని చెయ్యి పట్టి పీటల దగ్గరికి నడిపించాల్సింది ఆయనే.

ఉదయం ఆరింటికి మామ ఊరు బాగలూరులో బయలుదేరబోతుంటే, పంపుసెట్టు కోసం ఉంచిన డ్రమ్ములోంచి డీజిలు పోస్తానన్నాడు మామ. వద్దంటే వింటాడా! పెళ్లికి పోయే బండికి పాత గుడ్డతో వడగట్టకూడదట. మూలలకు పసుపు రాసిన కొత్త తువాలు పరిచి, దానిలోంచి ఓపిగ్గా పోశాడు.

“చూడప్పా, ఒక నలక కూడా లేదు” అన్నాడు సంబరంగా.

హోసూరు దాటి శూలగిరి దాకా బండి బాగానే నడిచింది. ఆ తర్వాత మొదలైంది తంటా. ఇంజను డబడబ కొట్టుకుంటోంది, వెనక నల్లటి పొగ, చిన్న ఎత్తు కూడా ఎక్కనని మొరాయిస్తోంది. ఎలాగో గురుబరపల్లి చేరేసరికి ఎనిమిదిన్నర. మామ మల్లెదండల మీద నీళ్లు చిలకరిస్తూ, “నేను పోకుంటే ఆ బిడ్డ ఎవురి చెయ్యి పట్టుకొని వస్తాదప్పా?” అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

రోడ్డు పక్కన లారీలు బాగుచేసే మునిరత్నం వచ్చాడు. “ఇంజను ఆపొద్దు సార్, అట్లే తిరగనీ” అంటూ, ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్ల పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి మళ్లీ బిగించాడు. మొదటిది, రెండోది వదిలితే ఇంజను తడబడింది. మూడోది వదిలితే శబ్దం మారనే లేదు, అంటే అది అంతకుముందే పనిచేయడం మానేసిందన్నమాట.

“దొంగ ఈడుండాడు!” అని నవ్వాడు.

ఆ ఇంజెక్టరు విప్పితే, నాజిల్లో సూది ఇరుక్కుని ఉంది. దాని దగ్గర పసుపురంగు నూలు పీచు. మామ ముఖం చిన్నబోయింది. మునిరత్నం డీజిల్ ఫిల్టరు కూడా విప్పాడు. అది చిరిగిపోయి ఉంది.

“ఇది బాగుంటే పీచు ఆడనే ఆగిపోయేది. ఎన్నాళ్లయింది మార్చి?” అని నన్నడిగాడు.

కొన్ననాటి నుంచీ మార్చలేదు మరి! నాజిల్ కడిగి, తన దగ్గరున్న ఫిల్టరు వేసి, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. పదింబావుకి పెళ్లింటి ముందు దిగాం.

“ఏందన్నా ఇంతసేపు?” అని ఎదురొచ్చింది మామ చెల్లెలు. నేను నోరు తెరిచేలోపే, “నా తువాలు చేసిన పనమ్మా. అల్లుని తప్పేం లేదు” అనేసి, దండలు పట్టుకుని లోపలికి పోయాడు మామ.

తప్పు నాదేనని అప్పుడే చెప్పాల్సింది. కొత్త అల్లుణ్ని కదా, పరువుకి పోయి ఊరుకున్నాను. ఆయన మాత్రం ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎంత మంచివాడో మా మామ! ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: డిక్కీలో ఎప్పుడూ ఒక కొత్త డీజిల్ ఫిల్టరు ఉంచుకోండి. నా మొదటిది, తిరుగు ప్రయాణంలో కృష్ణగిరిలో బండి ఆపించి, మామే కొని నా చేతిలో పెట్టాడు.