రెండు గ్లాసులు ఎక్కువ

నవాబు సర్కారు పోయిన మరుసటి ఏడాది నేను కోదాడలో ఒక రోడ్డు కంట్రాక్టరు దగ్గర జీపు నడిపేవాణ్ణి. యుద్ధంలో అరిగి అరిగి వేలానికి వచ్చిన బండి అది. నాలుగు చక్రాలూ లాగుతాయి, నాలుగు చోట్లా కారుతుంది. దాన్ని బతికిస్తున్నది సూర్యాపేట నుంచి వచ్చిన మా ఉస్తాద్. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. అరవైకి దగ్గరపడ్డ ముసల్మాను. అన్నదమ్ములు ఊరొదిలి పోయారు. ఈయన మాత్రం జీపు పని ఉంది కదా అని ఉండిపోయాడు. ఆ పని కూడా పోతే ఆయనకిక్కడ ఏమీ మిగలదు. ఇది అందరికీ తెలుసు, నాకు అందరికన్నా బాగా తెలుసు.

నూనె కారితే ఆయన కంగారుపడేవాడు కాదు. రాత్రి బండి కింద గోనెసంచి పరిచి, పొద్దున మరక ఎక్కడ పడిందో చూసి, వేలికి అద్దుకుని వాసన పట్టేవాడు. "ఆముదం వాసనొస్తె బ్రేకుది. గంధకం వాసనొస్తె ఎనకాల ఉండది" అనేవాడు. ఉండ అంటే వెనుక చక్రాల నడుమ ఇరుసుకు ఉండే గుండ్రటి ఇనుప డొల్ల, డిఫరెన్షియల్. దాని వెనుక వైపు ఒక మర బిగించి ఉంటుంది. బండిని చదును నేల మీద నిలిపి ఆ మర విప్పితే, లోపలి నూనె బెజ్జం అంచును తాకుతూ ఉండాలి.

"గంతకు మించి సుక్క పోయొద్దు. వేడెక్కితె ఉబ్బుతది, ఎటన్న పోవాలె గద" అని ఎన్నిసార్లు చెప్పాడో.

వింటేగా! మాది వ్యవసాయపు ఇల్లు. మా అమ్మ ఎవరికి వడ్లు కొలిచినా, మానిక నిండాక పిడికెడు కొసరు వేయనిదే పంపేది కాదు. అంచు దాకా చాలు అనే మాట నాకు పిసినారితనంగా తోచేది.

ఉస్తాద్ రెండు రోజులు సూర్యాపేట వెళ్ళినప్పుడు, కంట్రాక్టరుకు మిర్యాలగూడలో పని పడింది. బయల్దేరే ముందు నూనె నేనే చూశాను. వెనుక చక్రాలు కంకర కుప్ప మీదున్నాయి, బండి ముక్కు పల్లంలో ఉంది. ఉన్న నూనె ముందుకు జారిపోయి, బెజ్జంలోంచి చూస్తే తక్కువ కనిపించింది. పోశాను, పట్టింది. మళ్ళీ పోశాను. మొత్తం రెండు గ్లాసులు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పాలకీడు దాటాక వాగులోకి దిగేచోట బ్రేకు తొక్కితే జీపు ఒక పక్కకే ఈడ్చుకుపోయి తాటిచెట్టును గుద్దింది. కంట్రాక్టరుకు భుజం ఎముక విరిగింది. నాకు గీత కూడా పడలేదు.

"మొన్న బ్రేకులు విప్పింది ఆ ముసలోడే కదా. వాళ్ళని నమ్మే రోజులా ఇవి?" అన్నాడు కంట్రాక్టరు, కట్టు కట్టించుకుని ఇల్లు చేరగానే.

ఉస్తాద్ తిరిగొచ్చి చక్రం ఊడదీశాడు. బ్రేకు డ్రమ్ము లోపలి తడిని వేలికి అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గంధకం. బండిని చదునుకు నెట్టించి మర విప్పితే నూనె ధార కట్టింది. ఎక్కువైన నూనె ఇరుసు గొట్టం వెంట పాకి, దాన్ని ఆపాల్సిన పాత సీలు దాటి ఆ పక్క బ్రేకులోకి చేరింది; అందుకే ఆ చక్రం పట్టలేదు.

"ఎంత పోసినవ్, బేటా?"

"రెండు గ్లాసులు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేను చెప్తె సాబ్ నమ్మడు. తప్పించుకునేటందుకు నీ మీదేస్తున్న అంటడు. నువ్వే చెప్పాలె."

"చెప్త ఉస్తాద్" అన్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. కొత్తగా పెళ్ళయింది, ఉద్యోగం ఊడుతుందేమోనని... ఈ సాకులెందుకు? పిరికితనం. ఆయన పొద్దున్నే వచ్చి నా ముఖం ఒకసారి చూసి పనిలో పడేవాడు.

మూడో రోజు కంట్రాక్టరు ఆయన్ని ఇక రావద్దన్నాడు. అప్పుడు పరుగెత్తాను.

"అయ్యా, నూనె పోసింది నేను. బండి ఏటవాలుగ ఉన్నది చూసుకోలె. ఉస్తాద్ తప్పేం లేదు."

కంట్రాక్టరు మెడకు వేలాడదీసిన చెయ్యి సర్దుకుని నవ్వాడు. "మూడు రోజుల నుంచీ లేని తప్పు ఇవాళ ఎక్కడి నుంచొచ్చిందిరా? గురువు కోసం నీ నెత్తినేసుకుంటున్నావు. నీలాంటోడే కావాలి నాకు." పనిముట్ల పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి మేస్త్రీవి నువ్వే."

ఉస్తాద్ మూట పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"చెప్పినవా?"

"చెప్పిన. నమ్మలే."

"మల్ల పోయి చెప్పు."

"పోత" అన్నాను.

సూర్యాపేట బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేను కంట్రాక్టరు దగ్గరికి పోలేదు. జీపు దగ్గరికి పోయి పెట్టె తెరిచాను.