ఒక్క దుప్పికి ఒక్క చీటీ

మా యజమానికి అమెరికాలో దుప్పి చీటీ వచ్చిందన్న సంగతి నాకు మొదట చెప్పింది ఆయన కాదు, వాళ్ళింటి వంటమనిషి. రాయచోటి వాడు. కువైట్‌లో సబా అల్ సలేం పేటలోని ఆ ఇంట్లో ఎంతోకాలంగా ఉన్నాడు. యజమాని తండ్రి, పెద్దాయన సంతకాల కోసం ఆఫీసు కాగితాలు పట్టుకుని వెళ్ళిన నన్ను గేటు దగ్గరే ఆపాడు.

"న్నా, మీ బాసుకు లాటరీ తగిలిందంట గదా?"

"ఏం లాటరీ?"

"దుప్పి లాటరీ. అమెరికాలో ఒక దుప్పిని కొట్టుకోమని కాగితం ఇచ్చినారంట. ఒకటంటే ఒకటే. ఇంట్లో అందరూ మబ్రూక్ మబ్రూక్ అని మెచ్చుకుంటాండారు. దుప్పి మాత్రం కొండలో మేస్తానే ఉండాది."

మా యజమాని కువైటీ. కుర్రతనంలో అమెరికా పడమటి వైపు, కొండల కింద ఉన్న ఒక ఊళ్ళో చదువుకున్నాడు. అక్కడ ఒక రకం దుప్పి ఉంటుందట. కంచర గాడిదకున్నంత చెవులు, చెట్టుకొమ్మల్లా చీలిన కొమ్ములు. కొన్ని కొండల్లో దాన్ని వేటాడాలంటే తుపాకీ, లైసెన్సు ఉంటే చాలదు, డ్రాలో పేరు రావాలి. రానివాళ్ళు మరుసటేడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన పెళ్ళికి ముందు మొదలుపెట్టాడు. ఇప్పుడు పెద్దకూతురు కాలేజీకి వెళ్తోంది. వచ్చిన చీటీ ఒక్క మగదుప్పికి, ఒక్క సీజనుకు. కొట్టగానే చీటీమీద అచ్చయిన తేదీని కత్తితో కోసి గుర్తుపెట్టి, దాన్ని కొమ్ముకు కట్టాలి. వేట అక్కడితో ముగిసినట్టే. కొట్టకుండా గడువు దాటితే చీటీ చెత్తకాగితం. ఏ విధంగా ముగిసినా మళ్ళీ కొన్నేళ్ళపాటు దరఖాస్తు పెట్టే వీల్లేదు.

నాకు వేట తెలియదు. కానీ ఈ లెక్క నన్ను పట్టుకుంది. కువైట్ రాకముందు తెలుగు దినపత్రికలో డెస్కు మీద పనిచేశాను. మొదటి పేజీ వదిలే ముందు ఇదే పీకులాట. ఇంకాస్త ఆగితే ఇంతకంటే పెద్ద వార్త రావచ్చు. ఆగితే కట్టలు ఎక్కించుకునే వ్యాను వెళ్ళిపోవచ్చు. అయితే పేపరుకు రేపు మళ్ళీ మొదటి పేజీ ఉంటుంది. ఈయనకు ఉండదు. మొదటిరోజే మంచిది కనబడితే కొట్టేస్తాడా, ఇంకా మంచిదాని కోసం ఆగుతాడా? దేన్ని చూసి ఇదే అనుకుంటాడు? ప్రయాణానికి ముందు షర్క్‌లో మా ఆఫీసులో ఈ మాటే అడిగాను.

"చూడగానే తెలుస్తుందంటారు" అన్నాడు.

"ఎవరంటారు సర్?"

"కొట్టినవాళ్ళు" అని నవ్వాడు. ఆ నవ్వులో ధీమా తక్కువ.

ఆయన సంగతి ఒకటి చెప్పాలి. తండ్రిని అడగకుండా ఏ పనీ చేయడు. కారు రంగు దగ్గర్నుంచి గిడ్డంగి అద్దె దాకా అంతే. ఆ ఇంటి దివానియాలో, అంటే మగవాళ్ళు సాయంత్రాలు చేరే ముందుగదిలో కూడా పెద్దాయన నోరు విప్పందే ఎవరూ అభిప్రాయం చెప్పరు. ముందు ఆయన మాట్లాడాలి. తర్వాత వయసు వరుసలో మిగతావాళ్ళు. అది భయం కాదు, మర్యాద.

యజమాని అమెరికా వెళ్ళాక రోజూ సాయంత్రం దివానియాకు వెళ్ళడం నా పనుల్లో చేరింది. అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ పొద్దు వాలుతుంది. కొండమీద సిగ్నల్ దొరికినచోట ఆయన ఫోటో పెడితే నేను నా ఫోనునుంచి గోడమీది టీవీలోకి ఎక్కించాలి. పెద్దాయనకు ఫోను తెరమీద ఏదీ ఆనదు. ఆయన పినతండ్రి కొడుకులు ఇద్దరు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ఎప్పుడూ అక్కడే ఉంటారు.

వేట మొదలైన రోజు సాయంత్రం నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపించగానే పెద్దాయన అలవాటు ప్రకారం మసీదుకు నడిచి వెళ్ళాడు. ఆ ఇద్దరూ కుర్చీల్లోనే నమాజు చేసుకున్నారు. వాళ్ళు ముగించి చెయ్యి చాచి ఖర్జూరం అందుకున్నారో లేదో, ఫోటో వచ్చింది. టీవీలో పెట్టాను. బూడిదరంగు పొదల మధ్య పక్కకు తిరిగి నిలబడ్డ దుప్పి. ఆ కొమ్ములు చూసి వంటమనిషి గహ్వా కాఫీ కూజా పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఫోటో కింద అరబీలో ఒకే వాక్యం. "ఎదురుగా ఉంది, ఏమంటారు?"

ఇద్దరిలో పెద్దవాడు చిన్నవాడి వంక చూశాడు. చిన్నవాడు తలుపు వంక చూశాడు.

"ఏం రాయమంటారు?" అన్నాను.

"ఆయన రానీ" అన్నాడు పెద్దవాడు.

"ఎంతసేపు?"

"నమాజు అయిపోయింది. వస్తాడు. మసీదు గుమ్మంలో నలుగురు పలకరిస్తారు కదా."

వంటమనిషి నా చెవి దగ్గరికి వంగి తెలుగులో గొణిగాడు. "న్నా, ఆ దుప్పికి చెప్పల్ల, బాబా వచ్చేదాకా రోంత నిలబడమని."

నేను నవ్వు ఆపుకున్నాను. నా బొటనవేలు ఫోను మీదే ఉంది. కొట్టమని రాయడానికి నేనెవర్ని?

పెద్దాయన వచ్చాడు. కూర్చున్నాడు. గహ్వా తాగి, ఇక చాలని గిన్నెను ఆడించి ఇచ్చి, అప్పుడు టీవీ చూశాడు. చాలాసేపు చూశాడు. "వాడికి ఇంకెన్ని రోజులున్నాయి?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. "వెళ్ళిపోయింది. కొండ దాటింది."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "తుపాకీ తన చేతిలో పెట్టుకుని, వేలు ఇక్కడికి పంపాడా?" అన్నాడు. తర్వాత నాచేత రాయించాడు. "బతికున్న దుప్పుల ఫోటోలు నాకు పంపకు. బిస్మిల్లా అని కొట్టు. కొట్టాక చెప్పు. లేదా కొట్టకుండా రా. నీ ఇష్టం."

నీ ఇష్టం అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. కొడుకు కూడా వినివుండడేమో. చాలాసేపటికి 'సరే' అని ఒక్క మాట వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

మరుసటిరోజు ఏమీ లేదు. ఆ పైరోజూ లేదు. అయినా సాయంత్రమయ్యేసరికి పెద్దాయన టీవీ పెట్టించేవాడు. మసీదుకు వెళ్ళి వెంటనే తిరిగి వచ్చేవాడు. గుమ్మంలో పలకరింపులు కూడా మానేశాడని వంటమనిషి చెప్పాడు. మిగతా ఇద్దరికీ ఇక మర్యాద అడ్డం లేదు, ఎందుకంటే వాళ్ళ అభిప్రాయం అడిగేవాడు లేడు. ఒకరు మంచు పడుతుందన్నారు. ఒకరు అసలు మొదటిదాన్నే కొట్టాల్సిందన్నారు. "అప్పుడేం చేస్తున్నావు నువ్వు?" అని పెద్దాయన గద్దిస్తే "మీకోసం కూర్చున్నాను" అన్నాడాయన. వంటమనిషికి మాత్రం ఒకటే ధ్యాస, మాంసం.

"చిన్నదయితేనే తినేకి బాగుంటాదన్నా. కొమ్ములు చూసి కొడతారేంది? కొమ్ములు వండుకుంటారా?"

"మాంసం ఇక్కడికి రాదులే. విమానంలో తేనివ్వరు."

"రాదా? మరి ఇదంతా ఎందుకన్నా?"

అది తెలుసుకోవాలనే నేనూ రోజూ వెళ్తున్నాను.

గడువు రేపు ముగుస్తుందనగా, అంతకుముందు రోజు కొండమీద తీసిన ఫోటో సాయంత్రం వచ్చింది. మంచుమీద పడుకున్న దుప్పి, కొమ్ముకు కట్టిన చీటీ. టీవీలో పెట్టాను. ఒక పక్క కొమ్ము సగంలో విరిగిపోయి ఉంది. మొదటిరోజు దానితో పోలిస్తే చిన్నది. దివానియాలో ఇద్దరూ పెదవి విరిచారు. పెద్దాయన మాత్రం ముందుకు వంగి, "మూతి చూడండి, నెరిసిపోయింది. ముసలిది" అన్నాడు.

యజమాని తిరిగి వచ్చిన సాయంత్రం గది నిండిపోయింది. సలాములు, ముద్దులు, గహ్వా అయ్యాయి. అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. అంత పెద్దదాన్ని వదిలి ఇదెందుకు? ఆయన ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాడు. గాలి ఎదురుగా ఉంది అన్నాడొకరితో. దగ్గరగా వచ్చింది అన్నాడింకొకరితో. మళ్ళీ మంచు పడేలా ఉంది అన్నాడు. అన్నీ నిజాలే కావచ్చు. పేపరు బుద్ధి, నాకు అవి చాలలేదు. జనం పలచబడ్డాక పక్కన చేరి అడిగాను.

"మధ్యలో ఇంకా కొన్ని వచ్చాయి" అన్నాడు. "ప్రతిదాన్నీ దుర్భిణిలో చూడగానే కొమ్ముల చీలికలు లెక్కపెట్టేవాణ్ణి. లెక్క అయ్యేసరికి నాన్న ఏమంటాడో, ఫోటో ఎలా ఉంటుందో అనుకునేవాణ్ణి. వేలు కదిలేది కాదు. ఈ ముసలిదాన్ని పొద్దున్నుంచీ చూశాను. మేసింది. పడుకుంది. లేచేటప్పుడు ముందుకాళ్ళు కాస్త ఆలస్యంగా లేచాయి. కొమ్ము విరిగిందన్న సంగతి కూడా మధ్యాహ్నానికి గానీ గమనించలేదు. అప్పటికి ఇంకోదాన్ని వెతకాలనిపించలేదు. అంతే, నాకింతకంటే తెలియదు."

"చూడగానే తెలిసిందా మరి?"

"లేదు. చాలాసేపు చూశాక తెలిసింది."

పెద్దాయన మా మాటలు వింటున్నాడని మేం గమనించలేదు. "మళ్ళీ ఎప్పుడు వస్తుంది నీకు చీటీ?" అని అడిగాడు.

"దరఖాస్తుకే కొన్నేళ్ళు ఆగాలి నాన్నా. ఆ తర్వాత ఎన్నేళ్ళకో."

"అప్పటికి నేనుండను."

"అలా అనకండి. అయినా ఈసారి మిమ్మల్ని అడగకుండానే కొట్టాను కదా" అని కొడుకు నవ్వించబోయాడు.

పెద్దాయన నవ్వలేదు. ఖాళీ గహ్వా గిన్నెను అరచేతిలో తిప్పుతూ అన్నాడు. "అడిగావు. మసీదు గుమ్మంలో మాటల్లో పడి నేనే వేళకు రాలేదు."