నాలుగో ఊరి పేరు

ఒక ఊరి పేరు నేను ఐదేళ్లుగా పైకి పలకలేదు. మా అమ్మ వాళ్లింటికి వెళ్లే దారిలోనే ఉంటుంది ఆ ఊరి అడ్డరోడ్డు. కండక్టరు ఆ పేరు కేకేసినప్పుడల్లా నేను పాప జుట్టు సర్దడమో, సంచిలో ఏదో వెతకడమో చేస్తాను. ఐదేళ్లంటే పెద్ద కాలమేమీ కాదని మీరు అనుకోవచ్చు. మోసేవాళ్లకు తెలుస్తుంది. నేను చేసింది తప్పో, ఎవరైనా చేసే పనో, ఇప్పటికీ నాకు తేలడం లేదు. తప్పని తేలిపోయి ఉంటే ఒక రోజు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. తేలకపోవడమే ఎక్కువ బరువుగా ఉంది.

పాప నిద్రపోయింది, ఆయన కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పెళ్లయిన కొత్తలో నేను మా ఎంపీ గారి ఆఫీసులో పని చేశాను. డిగ్రీ చదివాను, తెలుగూ ఇంగ్లీషూ టైపు చేయగలను, అంతే నా అర్హత. పల్లెల నుంచి వచ్చే అర్జీలు చదివి, పార్లమెంటులో అడగదగినవి వేరే ఫైలులో పెట్టేదాన్ని. మిర్చి ధర, మొలకెత్తని పత్తి విత్తనాలు, రైలు గేటు, తాగే నీళ్లు. సార్ సభలో లేచి మాట్లాడే రెండు నిమిషాల వెనక మా ఆఫీసులో రెండు నెలల కాగితాలుండేవి.

ఆ కాగితాలతో పాటే మస్తాన్‌బీ వచ్చింది. అసలు పేరు అది కాదు, అలా అనుకోండి. నలభై దాటిన మనిషి, కౌలుకు మిర్చి వేసేది. అర్జీతో పాటు ఒక సీసా నిండా వాళ్ల ఊరి బోరు నీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తేటగానే ఉన్నాయి. ఫ్లోరైడు నీళ్లలో కనిపించదు, పళ్ల మీదా మోకాళ్లలోనూ కనిపిస్తుంది. ఆమె మాట్లాడినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో నన్ను అడగనక్కర్లేదు. మా పుట్టింటి ఊళ్లోనూ అలాంటి నీళ్లే, కాకపోతే కొంత నయం. నా పళ్ల మీదా గోధుమరంగు చారలున్నాయి. పెళ్లి ఫొటోల్లో ఒక్కదానిలో కూడా నేను నోరు తెరిచి నవ్వలేదు.

ఆమె మూడు నాలుగు సార్లు వచ్చింది. తర్వాత ఒక రోజు ఢిల్లీ నుంచి సార్ పీఏ ఫోన్ చేశాడు. మర్నాడు జీరో అవర్‌లో సార్‌కి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది, నీళ్ల సమస్య మీద అరపేజీ పంపండి, ఊళ్ల పేర్లు నాలుగుకి మించొద్దు అన్నాడు. నీళ్ల పరీక్ష కాగితాలు ముందు పెట్టుకుని, అన్నిటికంటే చెడ్డ నీళ్లున్న ఊరు ముందు వచ్చేలా వరుస రాశాను. మస్తాన్‌బీ ఊరు మొదటిది. మా పుట్టింటి ఊరు నాలుగోది. ఆమెకు ఫోన్ చేసి మీ ఊరే ముందు రాశానని చెప్పాను కూడా. అప్పుడు అది నిజమే.

మా ఆఫీసు చూసుకునే పెద్దాయన ఆ కాగితం చదివి ఒక మాటన్నాడు.

"మొదటి రెండు పేర్లే గట్టి అమ్మాయ్. చివరిదాని సంగతి చెప్పలేం. మైకు ఎప్పుడు పోద్దో ఆ దేవుడిక్కూడా తెలియదు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడు నాకు ఐదో నెల. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే అని పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారు. ఏడో నెలలో వెళితే బిడ్డకు ఐదో నెల వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆ నీళ్లు. నా బిడ్డ. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. తర్వాత మొదటి పేరు తీసి నాలుగో చోట పెట్టాను, నాలుగోది తీసి మొదట పెట్టాను. ఒక్క పేరూ కొట్టేయలేదు, ఒక్క అబద్ధమూ రాయలేదు. ఇది మీకు చెబుతున్నానా, నాకు చెప్పుకుంటున్నానా? పంపేశాను.

మర్నాడు ఆఫీసు టీవీలో చూశాం. సార్ లేచారు. నీళ్ల గురించి బాగా మాట్లాడారు, పిల్లల పళ్ల గురించి, నలభై ఏళ్లకే వంగిపోయే నడుముల గురించి. ఊళ్ల పేర్లు మొదలుపెట్టారు. మా ఊరు. రెండోది. మూడోది. గంట మోగింది. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన ఇంకో సభ్యుడి పేరు పిలిచాడు, మైకు ఆగిపోయింది. సార్ పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఆ కదలికలో ఆమె ఊరి పేరు ఉందని నేను చాలాసార్లు అనుకున్నాను. ఉండే ఉంటుంది, కాగితంలో ఉందిగా. ఆయన చదివారు. మైకు చదవలేదు. ఇలాంటి లెక్కలు నేను ఐదేళ్లుగా వేస్తూనే ఉన్నాను, ఒక్కసారీ సరిగ్గా తేలలేదు.

అక్కడితో ఆగి ఉంటే బహుశా ఇది రాసేదాన్ని కాదు. వారం తర్వాత మస్తాన్‌బీ వచ్చింది. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఏం తల్లీ, చదివారా మా ఊరి పేరు?"

"చదివారమ్మా."

"ఎన్నోది? మొదటిదేనా?"

పెదవులు కదిలాయి కదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ఆగి నిజం చెప్పేయొచ్చు. మూడు మాటల పని.

"మొదటిదే."

ఆమె కుర్చీలో కూర్చుంది. అంతకు ముందు ఎంత చెప్పినా కూర్చునేది కాదు.

"మా ఆయన ఎగతాళి చేశాడమ్మా. నీ నీళ్ల సీసా ఢిల్లీ దాకా పోద్దంటే పిచ్చిదానా అన్నాడు. ఇంక చూడు, ఇంటికెళ్లి ఆయన్ని ఏం చేస్తానో. మొన్న మా సర్పంచి కూడా ఎంపీ గారికి మనూరు ఎక్కడుందో తెలుసా అన్నాడు. ఆయనకీ చెప్పాలి."

నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. మొదటిసారి ఆమె పళ్లు పూర్తిగా చూశాను.

"సోమవారం ఆడవాళ్లం ముప్పై మందిమి సీసాలు పట్టుకుని కలెక్టరాఫీసుకి పోదామనుకున్నాం. ఆటోలు కూడా మాట్లాడుకున్నాం. ఇంకెందుకులే? పెద్ద సభలోనే పడిందిగా. పత్తి తీతలున్నాయి, కూలి పోగొట్టుకోవడం దేనికి. ఏమంటావు?"

ఆమె నన్ను అడిగింది. గుర్తుంచుకోండి, నన్నే అడిగింది. వెళ్లండమ్మా, అది వేరు ఇది వేరు అని ఉంటే నా అబద్ధం బయటపడేది కాదు, వాళ్ల పనీ ఆగేది కాదు. అది కూడా నాకు తోచలేదు. తోచలేదా, తోచినా అనలేదా?

"మీ ఇష్టమమ్మా" అన్నాను.

అప్పుడు నా పొట్ట చూసింది. ఎన్నో నెల అంది. కాన్పుకి పుట్టింటికేనా అంది. అవునన్నాను.

"అక్కడ నీళ్లు బాగుంటాయా తల్లీ?"

"పర్లేదమ్మా."

వెళ్లేముందు సంచిలోంచి కారం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "మా చేలో మొదటి కోత కాయ. నేనే దంచాను. కడుపుతో ఉన్నావు, తక్కువ వేసుకో." వద్దని ఒక్కసారి అన్నాను. రెండోసారి అనలేదు. ఆ కారం మా అత్తగారు కూరల్లో వాడింది. ఎక్కడిదే ఇంత మంచి కారం, కొనుక్కొచ్చావా అని అడిగింది. ఎవరో ఇచ్చారన్నాను.

ఇక్కడి నుంచి నాకు అసలు అర్థం కానిది మొదలవుతుంది.

సార్‌కి మంత్రిత్వ శాఖ నుంచి జవాబు ఉత్తరం వచ్చింది. రికార్డులో ఉన్న మూడు ఊళ్లకు మనుషుల్ని పంపి పరీక్ష చేయిస్తామని. నాలుగో ఊరి మాట అందులో లేదు. ఉత్తరం ఫైలులో పెట్టింది నేనే. మస్తాన్‌బీకి ఫోన్ చేయలేదు. ఏడో నెల రాగానే ఉద్యోగం మానేసి పుట్టింటికి వెళ్లిపోయాను.

పాప పుట్టిన రోజే ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా పట్టొద్దని. నేను మంచం మీద పడుకుని విన్నాను. చుక్క నీళ్లు కూడా. నేను చదువుకున్నదాన్ని, ఈ సంగతి తెలియదా? ఎక్కడో చదివే ఉంటాను. పేర్లు మార్చిన రోజున ఎందుకు గుర్తు రాలేదు? నాకు తాగడానికి మా అమ్మ రోజూ టిన్ను నీళ్లు కొన్నది. పాపకు ఐదో నెల రాగానే గుంటూరు, మా అత్తగారింటికి వచ్చేశాం. మా ఊళ్లో నీళ్ల ప్లాంటు పెట్టేసరికి పాపకు ఏడాది నిండింది. మరి నేను ఎవరి కోసం చేశాను?

పైగా ఆ ప్లాంటు సార్ మాట్లాడక ముందే మంజూరైందని మా బాబాయి అంటాడు. సభలో అడగబట్టే వచ్చిందని మా అమ్మ అంటుంది. బాబాయి మాట నిజమైతే నేను ఏమీ లాక్కోలేదు. అప్పుడు నా మీద మిగిలేది మస్తాన్‌బీకి చెప్పిన అబద్ధం ఒక్కటే. కానీ ఒక్కటే అంటే సరిపోతుందా? ఆ మాట నమ్మే కదా ముప్పై మంది ఆడవాళ్లు ఇంట్లో ఆగిపోయారు. వాళ్లు వెళ్లి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో. ఆ ఏమో మీద బతుకుతున్నాను.

నిరుడు ఎండాకాలం ఆ అడ్డరోడ్డులో బస్సు ఆగింది. ట్యాంకరు చుట్టూ బిందెలు కనిపించాయి. అవి తాగే నీళ్లో వాడుక నీళ్లో తెలియదు. ఆ ఊరికి ఇప్పుడు మంచి నీళ్లు వస్తున్నాయో లేదో కూడా తెలియదు. దిగి అడగొచ్చు. కిటికీలోంచి ఎవరినైనా కేకేసి అడగొచ్చు. పాప జుట్టు సర్దాను.

ఈ రోజు సాయంత్రం జరిగింది చెప్పి ఆపేస్తాను. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు దాటాయి. స్కూల్లో ఎవర్ని చూసి నేర్చుకుందో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చెయ్యి పట్టి లాగేశాను. ఎంత గట్టిగా లాగానో పాప ఏడ్చేదాకా నాకు తెలియలేదు. ఆయన కంగారుగా వచ్చి ఏమైందన్నాడు. ఏం లేదన్నాను. పాప పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు చూస్తే సంతోషం వేస్తుంది. వెంటనే, ఈ సంతోషం నాదేనా అని భయం వేస్తుంది.

నేను రాసిందంతా మళ్లీ చదివాను. ఇందులో కూడా నన్ను నేను వెనకేసుకొచ్చిన మాటలే ఎక్కువ ఉన్నాయి. కొట్టేయడం లేదు, ఉండనివ్వండి. మస్తాన్‌బీకి చెప్పాల్సింది అంత పొడుగు లేదు. ఇది ఆమె చదవదని నాకు తెలుసు. మీరు చదువుతున్నారు కాబట్టి మీ ఎదుట చెబుతున్నాను.

మీ ఊరి పేరు సభలో ఎవరికీ వినపడలేదమ్మా. మొదట ఉన్నదాన్ని చివరికి దించింది నేనే. ఆ సోమవారం మీరు వెళ్లాల్సింది.