ఏం కాదు అనని మనిషి

పిండికట్టు గుడ్డ వేడినీళ్లలో నానేటప్పుడు కొత్తగా సున్నం వేసిన గోడ వాసన వస్తుంది. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే ఆసుపత్రిలో మొన్న ఆ వాసన వస్తున్న పూటే, ఉండి ఊరి నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చి నా ఎదుట కూర్చున్నారు. అమ్మాయి ముక్కు తీరు మార్పించుకోవాలని వచ్చింది. ఆపరేషన్‌కి ముందు అలాంటివాళ్లతో మాట్లాడటం నా పని. తల్లి నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదు కదండీ? ఏం కాదని ఒక్క మాటనండి, నాకు ధైర్యంగా ఉంటుంది," అంది. దాదాపు ఇరవయ్యేళ్ల కిందట నేనూ ఇదే మాట కోసం ఒకావిడని కాళ్లావేళ్లా పడి బతిమాలాను. ఆవిడ అనలేదు. అనకపోవడం వల్లనే ఈవేళ ఈ కుర్చీలో కూర్చున్నాను.

ఆవిడ పేరు మెహరున్నిసా. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. అందరూ మెహరమ్మ గారనేవారు. భర్తకి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఆవిడ సన్నటి మనిషి, గొంతు ఇంకా సన్నం, కానీ ఆ గొంతు దాటి పెద్ద డాక్టరు గారు కూడా మాట్లాడేవారు కాదు. మన వైపు "ఏం కాదు" అన్నది మంచినీళ్లలాంటి మాట. జ్వరమొచ్చినా, పరీక్ష పోయినా, తుఫాను హెచ్చరిక వచ్చినా ముందు ఆ మాట అనేసి తర్వాత ఆలోచిస్తాం. ఆవిడ వార్డులో మాత్రం ఆ మాట ఎవరి నోటా వినపడకూడదు. "ఏం కాదనటం తేలికే. ఏమవుతుందో చెప్పండి, వాళ్లే తట్టుకుంటారు," అనేవారు.

నా ముక్కు కథ కొల్లేరు గట్టున మొదలైంది. మాది గుండుగొలను. నాన్నకి చేపల చెరువులుండేవి. నాకు పద్నాలుగేళ్లప్పుడు లారీకి ఎత్తుతున్న ఐసు ట్రే ఒకటి జారి నా ముఖం మీద పడింది. ముక్కు ఎడమకి వంగిపోయింది, ఒక రంధ్రంలోంచి ఊపిరి సగమే ఆడేది. కాలేజీలో నాకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయను, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డిగ్రీ చివరి ఏడాదిలో అమ్మని పోరి పోరి ఏలూరు తీసుకెళ్లాను. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేస్తున్న రోజులవి, నాన్నకి ఊపిరి సలపడం లేదు, రాలేదు. వారపత్రిక అట్ట మీది అమ్మాయి బొమ్మ కత్తిరించి పర్సులో పెట్టుకుని వెళ్లాను, అలాంటి ముక్కు కావాలని.

మెహరమ్మ గారు ఆ బొమ్మని చాలాసేపు చూశారు. "బావుంది. కానీ ఇది ఆ పిల్ల మొహానికే నప్పుతుంది. నీకు నీ ముక్కే వస్తుంది పద్మా, కాస్త తిన్నగా వస్తుంది. అది చాలంటేనే చేయించుకో," అని బొమ్మ తిరిగిచ్చేశారు. నాకు ఉక్రోషమొచ్చింది. ఈవిడెవరు చెప్పటానికి అనుకున్నాను. ఆవిడ అదేం పట్టించుకోకుండా క్యాంటీన్ నుంచి ఒక ఇడ్లీ తెప్పించి నా ముందు పెట్టారు.

"రెండు వేళ్లతో ముక్కు మూసుకుని తిను."

"ఎందుకండీ?"

"ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు లోపల దూది ఉంటుంది. నోటితోనే గాలి, నోటితోనే తిండి. రుచి తెలీదు. ఇప్పుడే తెలుసుకో."

తిన్నాను. మూడో ముద్దకి ఊపిరాడక గుటకలు వేశాను. అమ్మ కంగారు పడింది. అక్కడ కూర్చున్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఆవిడ నవ్వలేదు. మిగతాది కూడా అలాగే చెప్పుకొచ్చారు. మూడో రోజుకి కళ్ల కింద నల్లగా కమిలి, మొహం ఉబ్బి, అద్దంలో చూసుకుంటే నువ్వే జడుసుకుంటావు. వారానికి కట్టు విప్పుతారు, అప్పుడు కనిపించేది నీ ముక్కు కాదు, వాపు. కొస మొద్దుబారి కొన్నాళ్లు నీది కానట్టుంటుంది. చీదకూడదు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. అసలు రూపం రావటానికి ఏడాది పట్టొచ్చు. ముక్కుపుడక తీసేయాలి, ఆరు నెలలదాకా మళ్లీ పెట్టకూడదు.

ఆవిడ చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగాయి. మూడో రోజు నా మొహం చూసి అమ్మ ఏడ్చింది గానీ నేను ఏడవలేదు. నాకు ముందే పరిచయమైన మొహం అది. కట్టు విప్పాక, ఏళ్ల తర్వాత మొదటిసారి రెండు వైపులా గాలి లోపలికి వెళ్లింది. ఆ సంతోషం ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలీదు.

ఆరో వారంలో మా అన్నయ్య పెళ్లి. గూడెంలో ఆడపెళ్లివారిల్లు. మా మామ్మకి నా మొండి ముక్కు చూస్తుంటే ప్రాణం ఒప్పటం లేదు. "ఒక్కగానొక్క ఆడపడుచు బోసి ముక్కుతో హారతి పడితే ఆడపెళ్లివారు ఏమనుకుంటారే? కుట్టు మానిపోయింది కదా, ఏం కాదు," అంది. నాకూ మనసులో ఆశగానే ఉంది. కొత్త ముక్కుకి పుడక పెట్టుకుని నలుగురిలో తిరగాలని నాకు మాత్రం ఉండదా? పుడక రంధ్రం పూడుకుపోతే బంగారం పనిచేసే ఆయన్ని పిలిపించి మళ్లీ కుట్టించారు. పెళ్లి ఫోటోల్లో బాగానే ఉన్నాను. నాలుగో రోజుకి ముక్కు ఎర్రగా వాచి, చీము పట్టి, జ్వరం వచ్చింది.

ఏలూరుకి పరుగెత్తాం. డాక్టరు గారు పుడక తీయించి, మందులు రాసి, చీము లోపలికి దిగితే కొస కుంగిపోవచ్చన్నారు. మామ్మ మెహరమ్మ గారి మొహంలోకి చూడలేక గోడ వైపు తిరిగి నిలబడింది. తిట్టబోతారనే అనుకున్నాం. ఆవిడ వచ్చి మామ్మ పక్కన నిలబడి, "తప్పు నాదేనండీ, మామ్మ గారూ. ఆరు నెలలు వద్దన్నాను గానీ, ఇంట్లో పెళ్లేమైనా ఉందా అని అడగలేదు. అడిగుంటే ఆపరేషన్ పెళ్లయ్యాక పెట్టించేదాన్ని," అన్నారు. తప్పు మాది అని అక్కడున్న అందరికీ తెలుసు. మామ్మ అప్పుడు ఏడ్చింది.

నాకు మాత్రం ఒకటే భయం. ఏళ్లపాటు వంకర ముక్కుతో బతికి, ఆరు వారాలు తిన్నటి ముక్కు చూసుకుని, ఇప్పుడది కూలిపోతే నేనేమైపోవాలి? ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఏం కాదని ఒక్కసారి అనండి మేడం. అబద్ధమైనా సరే," అన్నాను.

ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. "నాకు తెలీదు పద్మా. మూడు రోజులు చూడాలి. ఎరుపు కిందకి దిగితే నిలబడుతుంది, పైకి పాకితే మళ్లీ కోయాలి. ఈ మూడు రోజులూ డ్యూటీ ఉన్నా లేకపోయినా కట్టు నేనే మారుస్తాను. అంతే నా చేతిలో ఉంది."

విచిత్రమేమిటంటే, ఆ మాటతో నాకు నిద్రపట్టింది. ఆవిడ మూడు రోజులూ వచ్చారు. రెండో రోజు శెలవు, అయినా వచ్చారు. ఎరుపు అంచున బాల్‌పెన్‌తో గీత గీసి, మర్నాడు అద్దం నా చేతికిచ్చి నన్నే చూడమనేవారు. మూడో ఉదయం ఎరుపు గీతకి లోపలే ఉంది. అప్పుడు మాత్రం ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

ముక్కు నిలబడింది. ఎడమ వైపు ఆవగింజంత గుంట మిగిలింది. ఆ తర్వాత నేను నర్సింగ్‌లో చేరాను. నాలుగేళ్లు ఆవిడ కిందే పనిచేశాను. ఒకసారి ఎవరికో అలవాటుగా "ఏం కాదమ్మా" అంటే, వరండాలోకి పిలిచి, "నీకెలా తెలుసు?" అని మాత్రం అడిగారు. ఆ రోజంతా తలెత్తుకోలేకపోయాను. మా అన్నయ్య పెళ్లి సంగతి తర్వాత ఆవిడ ప్రతి రోగినీ ఇంట్లో పెళ్లిళ్లున్నాయా అని అడిగేవారు, మగవాళ్లని కూడా. కొత్త డాక్టర్లు నవ్వుకునేవారు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అడగటం నేను మానలేదు.

మొన్న ఉండి నుంచి వచ్చిన తల్లికి కూడా ఆ మాట అనలేదు. నోటిదాకా వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఇడ్లీ తెప్పించాను. పిల్ల ముక్కు మూసుకుని ఒక ముద్ద మింగాక అడిగాను, "ఇంట్లో దగ్గర్లో పెళ్లేమైనా ఉందా?"

తల్లి కిందకి చూసింది. పిల్ల ముక్కు మీంచి వేళ్లు తీసింది.

"ఉందండీ. వచ్చే నెల్లో," అంది. "నాదేనండీ."

కుర్చీ దగ్గరగా జరుపుకుని, నా ముక్కు మీది గుంట మీద వేలు పెట్టి ఆ పిల్లకి చూపించాను.