ఈశ్వరప్ప విడిచిన ఒక్కపొద్దు

ఆ సోమవారం ఈశ్వరప్పకు గడప దాటబుద్ధి కాలేదు. ముసురు పట్టి మూడు రోజులైంది. మోకాళ్ళు రెండూ నానబెట్టిన చెక్కల్లా బిగుసుకుపోయాయి. అయినా గొడుగు తీసుకున్నాడు. బుధవారానికల్లా అద్దె గదిలోంచి మునస్వామి సామాను వీధిలో పడుతుందని కబురు వచ్చింది మరి.

ఈశ్వరప్పది కురబలకోట దగ్గర పల్లె. అయిదో తరగతి దాకా చదివి, మదనపల్లెలో క్షయరోగుల ఆస్పత్రిలో చేరి, ఇరవై ఎనిమిదేళ్ళు వార్డులో పనిచేశాడు. పక్కబట్టలు మార్చడం, కఫం గిన్నెలు కడగడం, లేవలేని వాళ్ళను లేపి కూర్చోబెట్టడం ఆయన పని. అన్నేళ్ళలో ఆయనకు రోగం అంటలేదు. వాళ్ళ దిగులు మాత్రం అంటింది. మందులు తిని, ఒళ్ళు చేసి, నవ్వుతూ గేటు దాటి వెళ్ళిన మనిషి పది దినాలకు మళ్ళీ గేటు దగ్గరికే వచ్చి నిలబడేవాడు. రోగం తిరగబెట్టి కాదు, అద్దె ఇంటివాళ్ళు లోపలికి రానివ్వక.

పనిలోంచి దిగి పుంగనూరు చేరాక ఆయనా, బట్టలు కుట్టే దస్తగిరి సాయిబూ, చర్చి బడిలో పంతులమ్మగా చేసిన శాంతకుమారీ కలిసి ఈ తిరుగుడు మొదలుపెట్టారు. జనం దానికి తలదాపు సంఘమని పేరు పెట్టారు. బోర్డు లేదు, బల్ల లేదు. ఇల్లు పోయినవాళ్ళకు ఇల్లు వెతకడం తమ వల్ల కాదని వాళ్ళకు తొందరగానే తెలిసింది. అందుకే ఇల్లు పోకముందే వెళ్ళి అడ్డం కూర్చునేవాళ్ళు.

అడ్డం కూర్చోవడమంటే వాదన కాదు. ముగ్గురూ రోగి గడపలో కూర్చుని, ఇంటి యజమాని చూస్తుండగా నీళ్ళు అడిగేవాళ్ళు. రోగి తాగే చెంబే కావాలనేవాళ్ళు. మన వైపు చెంబు ఎత్తి పోసుకుని తాగుతాం గదా, వాళ్ళు అలా కాకుండా అంచు కరిచి తాగేవాళ్ళు. విభూతి పెట్టుకున్నాయన తాగి టోపీ పెట్టుకున్నాయనకు, ఆయన తాగి మెడలో సిలువ వేసుకున్నామెకు ఆ చెంబే అందించేవాళ్ళు. వంద మాటలకు లొంగని యజమాని ఆ మూడు గుక్కలకు మెత్తబడేవాడు. అన్నిసార్లూ కాదు. గంగవరంలో ఒక ముసలామె విషయంలో ఓడిపోయారు. ఈ వారమే శాంతకుమారి కుప్పం వెళ్ళి ఉంది, అక్కడ ఇంకొక సంసారం కోసం.

అందువల్ల ఆ సోమవారం ఇద్దరే బయలుదేరారు. బయ్యమ్మది నాలుగు గదుల వరస ఇల్లు. తన గది పోను మూడు అద్దెకిచ్చింది. చివరి గదిలో మునస్వామీ మునెమ్మా ఉంటారు. మునస్వామి బెల్లం మండీలో మూటలు మోసేవాడు. పదకొండు నెలలు ఆస్పత్రిలో ఉండి, నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితంతో వచ్చాడు. అంతకాలం మునెమ్మ చింతపండు గింజలు తీసే కూలికి పోయి ఆ గదిని నిలుపుకుంది. బయ్యమ్మ దగ్గర తల్లి లేని అయిదేళ్ళ మనవరాలు ఉంది. ఆమె భయమంతా ఆ పిల్ల గురించే.

ఇద్దరూ వెళ్ళేసరికి బయ్యమ్మ తన గడపలోనే నిలబడి ఉంది.

"వచ్చినారా. మీరొస్తారని నాకు ముందే తెలుసు," అంది.

"ఒక్క మాట వినమ్మా. డాక్టరు కాయితం ఇచ్చినాడు," అన్నాడు దస్తగిరి సాయిబు.

"కాయితం దగ్గుతాదా సాయిబూ? దగ్గేది మనిషి గదా."

ఇద్దరూ చివరి గది గడపలో కూర్చున్నారు. మోకాళ్ళు వంచేటప్పుడు ఈశ్వరప్ప నోట్లోంచి "శివా" అని దానంతటదే వచ్చింది. వాళ్ళ పద్ధతి మునెమ్మ విని ఉంది. అడగకముందే చెంబు తోమి, నిండా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో చాచింది.

ఈశ్వరప్ప అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల కార్తీక సోమారం తల్లీ. చుక్కను సూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను."

మునెమ్మ చెంబును సాయిబు వైపు తిప్పింది. ఆయన తల దించుకున్నాడు.

"రంజాన్ నెలమ్మా. రోజా ఉండాను."

చెంబు గాల్లోనే ఉండిపోయింది. తాము చేసిన తప్పు ఏమిటో ఆ క్షణంలో ఇద్దరికీ తెలిసింది. ఎన్నో ఇళ్ళకు తిరిగారు గానీ ఇద్దరి ఉపవాసాలూ ఒక్క రోజే పడటం ఎప్పుడూ జరగలేదు. శాంతకుమారి ఉండి ఉంటే ఆమె తాగేది. పొద్దు గుంకాక వచ్చి ఉన్నా సరిపోయేది, ఇద్దరూ ఒకే వేళకు నోరు తెరిచేవాళ్ళు. అలసిపోయిన మనుషులకు ఇలాంటివి ముందుగా తోచవు.

గడపలోంచి బయ్యమ్మ నవ్వింది. అది సంతోషం నవ్వు కాదు.

"ఒగరికి సోమారమొచ్చె, ఒగరికి రంజానొచ్చె. ఆ చెంబులో నీళ్ళు తాగమనేసరికి ఇద్దురు దేవుళ్ళూ ఒగేసారి దిగొచ్చినారే. మీకే భయంగా ఉంటే నేను యాల పెట్టుకోవాల వాళ్ళని?"

మునెమ్మ చెంబు వెనక్కి తీసుకోబోతే కొన్ని నీళ్ళు ఒలికాయి. లోపల చాప మీద మునస్వామి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఈశ్వరప్ప అది చూశాడు. వార్డులో అలా గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళను ఆయన చాలామందిని చూశాడు. అలా తిరిగినవాళ్ళు అన్నం మానేస్తారు.

ముప్పై నాలుగేళ్ళుగా ఆయన కార్తీక సోమవారం తప్పలేదు. పెద్దకొడుకు చనిపోయిన ఏడాది కూడా తప్పలేదు. ఆయన మెల్లగా మునెమ్మ చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. సాయిబు కూడా చెయ్యి చాచబోతే వారించాడు.

"నీది నువ్వు నిలుపుకో దస్తగిరీ. ఇద్దురిదీ యాల, నాదొగటి చాల్లే."

అంచు కరిచి సగం చెంబు తాగాడు. నీళ్ళు చల్లగా, కొంచెం ఉప్పగా ఉన్నాయి.

బయ్యమ్మ కరగలేదు. "ఎత్తిపొడిస్తే తాగినావు. సిగ్గుకి తాగిన నీళ్ళు నేను లెక్కపెట్టను అన్నా," అంది.

ఆమె మాటలో న్యాయం ఉందనిపించింది ఆయనకు. చెంబు కింద పెట్టి అన్నాడు. "సరే బయ్యమ్మా. ఈ నెల పోయేదాకా దినామూ, సోమారాలు గూడా, మధ్యాన్నం ఈడికొచ్చి, మునస్వామి పక్కన కూర్చోని సంగటి తింటాను. నాకేమన్నా అయితే ఇద్దుర్నీ తరిమెయ్."

"నీ ముసిలి ఒళ్ళు, నీ ఇష్టం. నెల పోయేదాకా సూస్తా. ఆ పైన నన్నడగొద్దు."

ఇంటికి వచ్చి భార్య సుబ్బలక్ష్మమ్మతో జరిగింది చెప్పాడు. ఆమె చుక్క కోసం వాకిట్లో నిలబడి ఉంది. మబ్బు వల్ల చుక్క కనపడటం లేదు.

"వ్రతం చెడింది సుబ్బూ," అన్నాడు.

"దినామూ నెత్తిన చెంబులు చెంబులు పోయించుకునే సామికి నువ్వు సగం చెంబు తాగినావని కోపమొస్తాదా? కాళ్ళు కడుక్కో. నేనింకా చుక్కను సూడాల," అంది ఆమె.

మర్నాటి నుంచి నడక మొదలైంది. ఊరి ఆ కొస నుంచి ఈ కొసకు, బురదలో, గొడుగు కింద. మునెమ్మ సంగటి ముద్దా చెనిక్కాయల పచ్చడీ పెట్టేది. మొదట్లో మునస్వామి దూరంగా జరిగి కూర్చునేవాడు.

"మా కోసరం నీకెందుకప్పా ఈ తిప్పలు?"

"నీ కోసరమని ఎవురు సెప్పినారు? మీ ఆడమనిషి పచ్చడి కోసరం వస్తాండాను. దగ్గిరికి జరుగు."

నవ్వించడానికి అనేవాడు గానీ, ఆయనకు చాలా రోజులు ఆకలే ఉండేది కాదు. తిన్నాక గోడకు ఆనుకుని అక్కడే కునుకు తీసేవాడు. మునెమ్మ చప్పుడు లేకుండా ఆయన తడిసిన తుండు పొయ్యి పక్కన ఆరేసేది. శుక్రవారాలు నమాజు నుంచి వస్తూ సాయిబు ఆయనను ఇంటిదాకా చెయ్యి పట్టి నడిపించేవాడు. బయ్యమ్మ రోజూ తన గడపలోంచి చూసేది, మాట్లాడేది కాదు.

శాంతకుమారి కుప్పం నుంచి వచ్చింది. ఆమె మొహం చూడగానే ఈశ్వరప్పకు అర్థమైంది.

"ఇల్లు పోయింది అన్నా. నేను పోయేలోపల్నే సామాను ఈదిలో ఏసేసినారు. ఇప్పుడు రైలు టేషన్లో పండుకుంటాండారు. ఇద్దరు పిల్లోళ్ళు."

ఆ రోజు ఆయన సంగటి సగం వదిలేశాడు.

పదకొండో రోజు ఆయనకు దగ్గు వచ్చింది. రోజూ వానలో తడిసినందుకు పట్టిన పడిశం అది, అంతే. అయినా ఆ పూట మానేద్దామనుకున్నాడు. మానేస్తే మంచాన పడ్డాడనుకుంటుంది బయ్యమ్మ. వెళ్తే దగ్గు వింటుంది. చివరికి మిరియాలు నోట్లో వేసుకుని వెళ్ళాడు. మునస్వామి పక్కన కూర్చుని రెండు ముద్దలు మింగాడు. మూడో ముద్దకు దగ్గు తన్నుకొచ్చింది. తుండు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గాడు. మునస్వామి పళ్ళెం పక్కకు తోసి లేచాడు.

"నాదే తప్పు. మేమే పోతాం," అన్నాడు. మునెమ్మ గుడ్డలు మూట కట్టడానికి లోపలికి పోయింది.

బయ్యమ్మ గడపలో లేదు. ఆమె ఎవరినో పిలుచుకు రావడానికి పోయిందనుకున్నాడు ఈశ్వరప్ప. లేచి ఆపేంత శక్తి ఆయనకు లేదు. కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు.

కాసేపటికి అల్లం వాసన వచ్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా బయ్యమ్మ. చేతిలో తన ఇంటి ఇత్తడి గ్లాసు, పొగలు కక్కుతూ కషాయం.

"తాగు. దినామూ తడుసుకుంటా వస్తే పడిశం పట్టక ఏమైతాది?" అంది.

ఆయన గ్లాసు అందుకున్నాడు. ఆమె పోలేదు. ఆయన పక్కనే, ఆ గది గడపలోనే కూర్చుంది.

"మా అక్కకి ఈ రోగమే," అంది వీధివైపు చూస్తూ. "పశువుల కొట్టంలో పెట్టినారు. సంగటి ముద్దని కర్రతో లోపలికి తోసేవోళ్ళు. నాకప్పుడు పదేండ్లు. నన్ను పిలిస్తా ఉండె. నేను పోలే. ఎవురూ పోలే. నీ మాదిరి ఒగరు పక్కన కూర్చోని తినుంటే..."

ఈశ్వరప్ప కషాయం తాగుతూ విన్నాడు, అంతే. వార్డులో నేర్చుకున్నదదే, కొన్ని మాటలకు బదులు చెప్పకూడదు.

ఆయన తాగడం అయ్యాక గ్లాసు తీసుకుని లేచింది. లోపల మూట కడుతున్న మునెమ్మను చూసింది.

"ఆ మూట ఇప్పు. మీ యెనక గోడ వానకి ఊరతాండాది. ముసురు పోతానే మీ ఇంటాయన్ని మట్టి మెత్తమను. బరువు ఎత్తొద్దని సెప్పు, నిదానంగా చెయ్యమను," అంది. తన గదిలోకి పోయింది.

మునస్వామి నిలబడ్డచోటే కూర్చుండిపోయాడు. మునెమ్మ మూట ముడి విప్పలేక పళ్ళతో లాగుతోంది.

సంతోషపడాలని ఈశ్వరప్పకు తెలుసు. మనసులో శివుడికి దండం పెట్టుకున్నాడు. అంతకు మించి ఏమీ చేతకాలేదు. కుప్పం టేషన్లోని ఆ ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. రేపు శాంతకుమారితో కలిసి ఆ ఊరి బస్సెక్కాలి. ప్రస్తుతానికి ఈ గోడ గట్టిగానే ఉంది. దానికి తల ఆనించి, గొంతులో అల్లం ఘాటు ఇంకా ఉండగానే, నిద్రపోయాడు.